ఆకు కావాలా, పువ్వు కావాలా?

"నాథనూ! ప్రపంచంలో నేరస్థులు రెండే రకాలు. దొరికిపోయినవాళ్ళు, ఇంకా నా కంటపడనివాళ్ళు."

పారమట్టా స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి కోటేశ్వరరావుగారు ఈ మాట అన్న క్షణంలో ఆయన కంటపడనిది ఆయన ఎక్కాల్సిన రైలు. అది ఆయన వీపు వెనకగా వచ్చి, ఆగి, తలుపులు మూసుకుని వెళ్ళిపోయింది.

ఇది తొంభై ఒకటి, ఆగస్టు నెల మాట. సిడ్నీలో అది చలికాలం. ఆయనా నేనూ ఒకే సర్కారీ ఆఫీసులో పని చేసేవాళ్ళం. పగలంతా ఆయన మురుగు కాలవల ఫైళ్ళు చూసేవాడు. ఆఫీసు వదలగానే డిటెక్టివ్. ఆ పదవి ఆయనకి ఇచ్చింది ఆయనే. 'కె. రావు, అపరాధ పరిశోధకుడు' అని గుంటూరులో కార్డులు అచ్చు వేయించి తెచ్చుకున్నాడు. అచ్చంతా తెలుగులో ఉండటం వల్ల సిడ్నీ నేరస్థులెవరికీ ఇంకా భయం పుట్టలేదు. ఎండైనా వానైనా ఒంటిమీద పొడుగాటి రెయిన్‌కోటు, జేబులో భూతద్దం. ఆఫీసు వంటగదిలో బిస్కెట్లు మాయమవుతున్న కేసులో అందరినీ వరసగా అనుమానించి, చివరికి ఆ రెయిన్‌కోటు జేబులోనే బిస్కెట్ పొడి కనుక్కుని, 'నన్ను ఇరికించడానికి ఎవరో కుట్ర పన్నారు' అని తేల్చినవాడాయన.

ఆయనకి కారు నడపడం రాదు. నాకు పాత డాట్సన్ ఉంది. మా స్నేహం అలా కుదిరింది.

ఆ ఆదివారం తెలుగు సంఘంవాళ్ళ బార్బీ, అంటే ఆరుబయట మాంసం కాల్చుకు తినే విందు, పార్కులో జరిగింది. సమూయేలూ, అతని భార్య జాక్లినూ కూడా వచ్చారు. సమూయేలుది రేపల్లె. ఆస్పత్రిలో నర్సు. మా చర్చికే వస్తాడు. స్కోఫీల్డ్స్‌లో ఓ పాత ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. అప్పట్లో ఆ చుట్టుపక్కల మనుషులకంటే గుర్రాలే ఎక్కువగా కనపడేవి. పర్మనెంట్ రెసిడెన్సీ కాగితాలు ఇంకా రాలేదు, ఇవాళో రేపో అన్నట్టున్నాయి. జాక్లిన్‌కి ఐదో నెల. కడుపు పెరగాల్సింది పోయి మనిషే తరిగిపోతోంది. ఏం తిన్నా నిలవడంలేదు. బరువు ఇలాగే తగ్గితే ఆస్పత్రిలో చేర్చుకుని సెలైన్ పెడతామని డాక్టర్ చెప్పాడట. పులిహోర పళ్ళెం ముందుకి రాగానే ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చెట్టు చాటుకి పరిగెత్తింది.

కోటేశ్వరరావుగారి భార్య శేషుకుమారిగారు వెళ్ళి వీపు నిమిరింది. "ఏం తినాలనుందమ్మా? చెప్పు, చేసి పంపిస్తాను."

"అడగొద్దు ఆంటీ. ఇక్కడ దొరకనిదాని పేరెత్తితే ఇంకా ఏడుపొస్తది," అంది జాక్లిన్.

అటుపక్క మా డిటెక్టివ్ కాల్చిన మాంసం ముక్క చేత్తో పట్టుకుని ఉపన్యాసం ఇస్తున్నాడు. "ఈ దేశంలో అన్నీ ఉన్నాయయ్యా. గోంగూర లేదు. గుంటూరు జిల్లావాణ్ణి, నాలుక మీద గోంగూర రాసుకుని పుట్టినవాణ్ణి, ఆ ఆకు మొహం చూడకుండా బతుకుతున్నానంటే ఇది ఒక బతుకేనా?"

ఉపన్యాసం అయ్యేదాకా ఆగి సమూయేలు మెల్లిగా దగ్గరికి వచ్చాడు. "అంకుల్, మీకు అన్నీ తెలుసు గదా. గరాజ్‌లో మొక్కలు పెంచాలంటే ఏ లైటు మంచిదంటారు? ట్యూబులు పెట్టాను గానీ, సరిగా ఎదగట్లా."

"గరాజ్‌లోనా? బయట ఇంత దేశం ఖాళీగా పడి ఉంటే?"

"మా వైపు తెల్లారేసరికి మంచు అంకుల్. చలికి మాడిపోతున్నాయి."

"ఏం మొక్కలు?"

సమూయేలు అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "టమాటాలు అనుకోండి. ఎవరికీ చెప్పకండి, ప్లీజ్."

వెళ్ళిపోతున్న అతని వీపుని కోటేశ్వరరావుగారు భూతద్దంలోంచి చూశాడు. "నాథనూ, టమాటాలు పెంచేవాడు 'అనుకోండి' అనడు."

మర్నాడు రైల్లో పేపరు తెచ్చి నా మొహానికి ఆనించాడు. ఎక్కడో ఎవరి గరాజ్‌లోనో దీపాల కింద పెంచుతున్న గంజాయి పట్టుబడిందట. ఆకు ఫోటో కూడా వేశారు. ఐదు వేళ్ళు చాచిన చెయ్యిలా ఉంది, అంచులంతా రంపపు పళ్ళు.

"అదృశ్య హస్తం!" అన్నాడాయన, బోగీ అంతా తిరిగి చూసేట్టు. "స్కోఫీల్డ్స్ కేంద్రంగా చీకటి సామ్రాజ్యం!"

"అతను రాత్రి డ్యూటీలు చేసుకుంటూ, కడుపుతో ఉన్న పెళ్ళానికి గంజి కాచిపోసేవాడు సార్. సామ్రాజ్యానికి టైమెక్కడిది?"

"అందుకే రాత్రి డ్యూటీ," అన్నాడు.

శనివారం నా డాట్సన్‌లో బ్లాక్‌టౌన్ దాటాక ఓ రేకుల షెడ్డుకి వెళ్ళాం. మట్టి లేకుండా నీళ్ళలో మొక్కలు పెంచే సామానూ, లైట్లూ అమ్మే షాపు అది. ఆయన మారువేషంలో వచ్చాడు. అంటే రెయిన్‌కోటు మీద తోలు టోపీ పెట్టాడు. షాపతని పేరు డారెల్, వెనక చిన్న పిలక. మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి. నేను తెలుగులో చెబుతున్నాను. కోటేశ్వరరావుగారి ఇంగ్లీషు కూడా దాదాపు తెలుగే కాబట్టి పెద్ద తేడా ఏమీ ఉండదు.

"ఏం పెంచుతున్నావు, మేట్?"

"టమాటాలు," అని కన్ను కొట్టాడు మావాడు. ఆయనకి ఒక్క కన్ను కొట్టడం రాదు. రెండూ గట్టిగా మూసి తెరిచాడు.

డారెల్ కూడా మర్యాదకి రెండు కళ్ళూ మూసి తెరిచాడు. "అందరూ టమాటాలే. ఈ షాపు తెరిచాక క్యాబేజీ అన్నవాడు ఒక్కడూ రాలేదు. సరే, ఈ మామూలు బల్బులు వద్దు. వీటి కింద మొక్క వెలుగు కోసం పైకి సాగిపోయి, నిలబడలేక వాలిపోతుంది. నారుకైతే ట్యూబులు చాలు. ఎదగాలంటే మాత్రం ఈ పెద్ద దీపాలు కావాలి. తెల్లగా వెలిగేది ఆకుకి, నారింజ రంగుది పువ్వుకి. నీకు ఆకు కావాలా, పువ్వు కావాలా?"

కోటేశ్వరరావుగారు నా వంక చూశాడు. నేను షెడ్డు కప్పు వంక చూశాను.

"ఆకు," అన్నాడు గంభీరంగా.

"ఆకా?"

"ఆకే."

డారెల్ చేతిలో ఉన్న దీపం బల్ల మీద పెట్టేశాడు. "ఆకెందుకు మేట్? ఈ... ఈ టమాటాల్లో ఆకు ఎవరికీ అక్కర్లేదు. అది పారేసేది. అసలు మీ ఇండియా వాళ్ళకేమైంది? మొన్న ఇంకో కుర్రాడొచ్చాడు. అతనికీ ఆకే కావాలట. పువ్వు వస్తే ఏం చేస్తావంటే తుంచి పారేస్తానన్నాడు! నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు."

"ఆ కుర్రాడు ఏ లైటు కొన్నాడు?"

"ట్యూబులతో సరిపెట్టుకున్నాడు. పెద్దది చాలాసేపు చేత్తో నిమిరి, పెట్టేసి వెళ్ళిపోయాడు."

నాకు ఎక్కడో ఏదో పొసగలేదు. మత్తంతా పువ్వులోనే ఉంటుంది కాబట్టి గంజాయి పెంచేవాళ్ళందరికీ పువ్వు కావాలి, మన సమూయేలుకి ఆకు కావాలి. ఎందుకు? అదే బయటికి వచ్చాక అడిగాను. కోటేశ్వరరావుగారు జాలిగా నవ్వాడు. "అది ముఠా సంకేతం. ఆకు అంటే పువ్వు. పువ్వు అంటే ఇంకేదో." ఆయన చంకలో తెల్లగా వెలిగే పెద్ద దీపం ఉంది. "ఇదెందుకు కొన్నారు?" అంటే, "నేరస్థుడి మనసు తెలియాలంటే నేరస్థుడి దీపం కింద కూచోవాలి," అన్నాడు.

ఆ సాయంత్రమే దాన్ని తన గరాజ్‌లో వేలాడదీశాడు. స్విచ్ వేస్తే గరాజ్‌లోకి మిట్టమధ్యాహ్నం దిగి వచ్చింది. శేషుకుమారిగారు అది చూసి చేతులు జోడించినంత పని చేసింది. "ఈ చలికాలంలో ఎండ లేదని ఏడుస్తున్నానా, దేవుడల్లే తెచ్చారు," అని పాత చీర పరిచి దాని నిండా మినప వడియాలు పెట్టేసింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, వడియాల మధ్య కుర్చీ వేసుకుని కోటేశ్వరరావుగారు నేరస్థుడి మనసులోకి ప్రవేశించాడు. కాసేపటికి గురక వినిపించింది.

మర్నాడు పొద్దున స్కోఫీల్డ్స్. సమూయేలు వాళ్ళు చర్చికి వెళ్ళే వేళ అది. నేనూ చర్చిలోనే ఉండాల్సిన వేళ.

"గరాజ్ తలుపు దాకానే," అన్నాను. "కిటికీలోంచి చూసి వచ్చేద్దాం. లోపలికి వెళితే దొంగతనం అవుతుంది."

"డిటెక్టివ్ వెళితే శోధన," అన్నాడు. అయినా నిజంగానే కిటికీ దగ్గరే ఆగాడు. కిటికీకి లోపలినుంచి వెండి కాగితం అంటించి ఉంది. అంచుల్లోంచి వెలుగు సన్నగా కారుతోంది. ఆయన వంగి భూతద్దం తీశాడు.

అప్పుడు వచ్చింది మేగ్‌పై. నలుపూ తెలుపూ కలిసిన పిట్ట. మామూలప్పుడు సంగీతం పాడుకుంటూ తిరుగుతుంది గానీ, గూడు కట్టే రోజుల్లో మనిషి నెత్తి కనపడితే చాలు, దిగి పొడుస్తుంది. కోటేశ్వరరావుగారి బట్టతల ఎండకి బాగా మెరిసే రకం. ఒక్క పోటుకి "అమ్మో! మెషిన్ గన్!" అని అరిచి, రెండో పోటుకి పక్క తలుపులోంచి గరాజ్‌లోకి దూరిపోయాడు. తలుపుకి గడియ లేదు. లోపలినుంచి కుండీలు దొర్లిన చప్పుడు, దాని వెనకే మనిషి దొర్లిన చప్పుడు.

బయటికి వచ్చినప్పుడు ఆయన రెయిన్‌కోటు నిండా మట్టి, రెండు చేతుల నిండా విరిగిన కొమ్మలు. "ఆధారం!" అన్నాడు రొప్పుతూ. "నేను తెంపలేదు. నేను పడితే అవే విరిగాయి."

నేను ఓ ఆకు చేతిలోకి తీసుకున్నాను. ఐదు వేళ్ళు. రంపపు అంచు. అచ్చం పేపర్లో ఫోటో. నేను ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, ఆకులూ అలములూ గుర్తుపట్టడం నాకు రాదు. అంతవరకూ ఆటగా ఉన్నది ఒక్కసారిగా ఆట కాకుండా పోయింది. పోలీసులొస్తే సమూయేలు ఉద్యోగం పోతుంది, కాగితాలు పోతాయి. మెతుకు నిలవని ఆ పిల్ల కడుపుతో ఒంటరిగా ఏమైపోవాలి?

"సార్, ముందు అతన్నే అడుగుదాం," అని కారులో బతిమాలాను.

"అడిగితే చెప్తాడు. చెప్తే ఇంక కేసేముంటుంది?"

ఆయన ఇంటికి వెళ్ళి ఆధారాన్ని తడి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో దాచాడు. పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేసి దక్షిణార్ధగోళంలోకెల్లా పెద్ద ముఠాని పట్టానని చెప్పాడు. సోమవారం సాయంత్రం ఓ సార్జెంట్ ఇంటికే వచ్చి చూస్తానన్నాడట.

సోమవారం మధ్యాహ్నం ఉండబట్టలేక నేను సమూయేలుకి ఫోన్ చేశాను. గొంతు బొంగురుపోయి ఉంది. "రేపు జాక్లిన్‌ని అడ్మిట్ చేస్తారంట అన్నా. ఇయ్యాల కూడా ఏమీ నిలవలా. దానికి తోడు మా గరాజ్‌లో ఏదో పోసమ్ దూరి..." అని ఆగిపోయాడు. "పోనీలే అన్నా. ప్రార్థన చెయ్యి." పోసమ్ అంటే ఇంటి చూరుల్లో దూరే, పిల్లి అంత ఉండే జంతువు. ఆ పోసమ్ నా పక్క సీట్లోనే కూచుని పెన్సిల్ చెక్కుకుంటోందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సాయంత్రం ఆయన వెంట వాళ్ళింటికి వెళ్ళాను. ఎలాగైనా ఆపాలనే వెళ్ళాను. గుమ్మంలో అడుగు పెట్టగానే ఇంగువ పోపు వాసన, దాంతోపాటు నోట్లో నీళ్ళూరే పుల్లటి వాసన ఏదో తగిలింది. కోటేశ్వరరావుగారు నేరుగా ఫ్రిజ్ తెరిచాడు. తడి కాగితం ఉంది. అందులో ఏమీ లేదు.

"శేషూ! ఇందులో ఆకులేవి?"

"పప్పులో," అంది ఆవిడ వంటింట్లోంచి.

ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. "గంజాయి పప్పు వండావా!"

"గంజాయేమిటండీ, మీ మొహం. గోంగూర." ఆవిడ చేతిలో గరిటెతో బయటికి వచ్చింది. కళ్ళు చెమర్చి ఉన్నాయి. "మాటా పలుకూ లేకుండా తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళారు. మీరు నాకని ఏదైనా తెచ్చింది మన పెళ్ళయ్యాక ఇదేనండీ. ఎక్కడ దొరికింది?"

"గోంగూర ఇలా ఉండదు! నాకు తెలీదా? గోంగూర నల్లగా, నూనెలో, జాడీలో..."

"జాడీలో కాస్తుందా? మీరెప్పుడైనా బజారుకెళ్ళి ఓ కట్ట కొన్న మొహమేనా? కోసి, వలిచి, నూరి పళ్ళెంలో పెడితే తిన్నారు." ఆవిడ గరిటె అంచున కాస్త పప్పు ఆయన నోట్లో పెట్టింది.

గుంటూరు జిల్లా నాలుక అబద్ధమాడలేదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఈసారి కూడా రెండూ మూసుకున్నాడు, కానీ తెరవడానికి చాలాసేపు పట్టింది.

నాకు అప్పుడు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆకు కావాలన్నవాడు, పువ్వు వస్తే తుంచేస్తానన్నవాడు. దొరకనిదాని పేరెత్తొద్దన్న పిల్ల.

"ఆంటీ, ఇది జాక్లిన్ కోసం," అన్నాను. జరిగిందంతా గబగబా చెప్పేశాను. ఆవిడ భర్త వంక ఒక్క చూపు చూసింది. లోపలికి వెళ్ళి గిన్నెకి మూత పెట్టి, గుడ్డ కట్టింది.

సరిగ్గా అప్పుడే బెల్ మోగింది. సార్జెంట్ గుమ్మం నిండా ఉన్నాడు. అయితే ఆయన చూపు మా మీద లేదు. గరాజ్ తలుపు కిందనుంచి వాకిట్లోకి పరుచుకున్న తెల్లటి వెలుగు మీద ఉంది.

"మిస్టర్ రావ్, ముఠా సంగతి తర్వాత. మీ గరాజ్‌లో ఏం పెంచుతున్నారు?"

"నేనా? నేను డిటెక్టివ్‌ని!" కార్డు తీసి ఇచ్చాడు. సార్జెంట్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఏ దిక్కున చదవాలి?" అని అడిగి, గరాజ్ తలుపు ఎత్తాడు. నడినెత్తిన సూర్యుడి కింద చీర నిండా వడియాలు బారులు తీరి ఉన్నాయి. సార్జెంట్ ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపాడు, వాసన చూశాడు. శేషుకుమారిగారు గిన్నె నా చేతిలో పెట్టి, ఈ వివరణ త్వరగా ముగించాలన్నట్టు నాలుగు ఎండు వడియాలు నూనెలో వేయించి తెచ్చి ఆయన చేతిలో పోసింది. ఒకటి నోట్లో వేసుకున్నాక చట్టం చల్లబడింది.

"మరి ఆధారం ఉందన్నారు?"

కోటేశ్వరరావుగారు నా చేతిలోని గిన్నె చూశాడు. ఆ క్షణంలో ఆయన ఒక్క మాట అంటే గిన్నె పరీక్షకి వెళ్ళేది, ఆయన వార్తల్లోకెక్కేవాడు. "పొరపాటు, సర్. నేరం జరగలేదు," అన్నాడు నెమ్మదిగా. ఆ మాట అనడం ఆయనకెంత కష్టమో నాకు తెలుసు. సార్జెంట్ మిగిలిన వడియాలు జేబులో పోసుకుని వెళ్ళిపోయాడు.

మేం ముగ్గురం స్కోఫీల్డ్స్ వెళ్ళేసరికి సమూయేలు గరాజ్‌లో నేలమీద కూచుని, విరిగిన మొదళ్ళకి మట్టి సర్దుతున్నాడు. ట్యూబుల కింద మిగిలిన మొక్కలు సన్నగా, పాలిపోయి ఉన్నాయి. "చెప్పలేదని ఏమనుకోవద్దు అంకుల్," అన్నాడు లేచి. "మా వార్డులో ఓ క్వీన్స్‌లాండ్ మామ్మగారు రోజెల్లా జామ్ చేస్తానంటే, అది మన గోంగూరేనని విత్తనాలు అడిగి తెచ్చా. రెండుసార్లు మంచుకి పోయినాయి. జాక్లిన్‌కి మళ్ళీ ఆశపెట్టి ఏడిపించలేక చెప్పలా. ఇంక మనోళ్ళకి చెబుదామా అంటే, గోంగూర ఉందని తెలిస్తే సిడ్నీలో ఉన్న తెలుగోళ్ళంతా సంచులు పట్టుకుని మా గేటు ముందుంటారు. ఆకు మిగులుద్దా? అంతా చేసి చివరికి పోసమ్ పాలు..."

శేషుకుమారిగారు అప్పటికే ఇంట్లోకి వెళ్ళిపోయింది. మేం వెళ్ళేసరికి మంచం పక్కన స్టూలు మీద పళ్ళెం, వేడన్నం, పప్పు. జాక్లిన్ వాసన చూసింది. నోటికి చెయ్యి అడ్డం వెళుతుందేమోనని మేమంతా ఊపిరి బిగబట్టాం. చెయ్యి పళ్ళెంలోకి వెళ్ళింది.

మొదటి ముద్ద తింది. ఆగింది. రెండో ముద్ద తింది. ఏడుస్తూ తింది. అన్నం అయిపోయాక పళ్ళెం వేలితో ఊడ్చి, "ఇంకొంచెం పెట్టు ఆంటీ," అంది. సమూయేలు గోడకి తిరిగి నిలబడిపోయాడు.

నేను డాట్సన్ డిక్కీ తెరిచి పెద్ద దీపం తెచ్చి గరాజ్‌లో పెట్టాను. ఇక్కడికి బయలుదేరే ముందు కోటేశ్వరరావుగారే దాన్ని తన గరాజ్‌లోంచి విప్పి నా కారులో పెట్టాడు. తెల్లగా వెలిగేది, ఆకుకి. ఆయన జన్మలో అడిగిన ప్రశ్నకి సరైన జవాబు చెప్పింది ఆ షాపులో ఒక్కసారే.

అంతా సర్దుకున్నాక ఆయన మంచం దగ్గరికి వచ్చి రెయిన్‌కోటు కాలర్ ఎత్తాడు. "అమ్మా జాక్లిన్, నువ్వేం దిగులుపడకు. ఆ పోసమ్‌ని నేను పట్టుకుంటాను. పాదముద్రలు చూస్తే చాలు, దాని వంశవృక్షం చెప్తాను."

జాక్లిన్ మూడో వడ్డన కలుపుకుంటూ తలెత్తి చూసింది. ఎడమ చెయ్యి చాచి, ఎత్తిన కాలర్ మడతలోంచి వాడిపోయిన ఆకు ఒకటి తీసింది. ఐదు వేళ్ళ ఆకు. దాన్ని గదిలోని దీపానికి ఎదురుగా పట్టి, ఆయన వంక చూసి, అన్నాళ్ళ తర్వాత మొదటిసారి నవ్వింది.

"పోసమ్‌లు రెయిన్‌కోటు వేసుకుంటాయా అంకుల్?"

కోటేశ్వరరావుగారు కాలర్ దించుకున్నాడు.